అమెరికా నుంచి వచ్చిన ఆటారి 2600ను మన టీవీలో ఆడించడం ఎలా?

అమెరికాలో ఉంటున్న బంధువులు పాత సామాను సర్దుతూ పంపినదో, అక్కడి గరాజ్ సేల్‌లో చవకగా దొరికినదో ఒక ఆటారి 2600, అంటే టీవీకి కలిపి ఆడే పాతకాలపు వీడియో గేమ్ యంత్రం, ఇంటికి చేరగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని ఇక్కడి కరెంటుకూ, ఇక్కడి టీవీకీ ఎలా కలపాలి? కొద్ది రోజుల్లోనే వారి నుంచి రెండో ప్రశ్న వస్తుంది: అన్నీ కలిపాము, తెర మీద ఏమీ రావడం లేదు, పెట్టె చెడిపోయిందా? ఈ రెండో ప్రశ్న వేసేవారిలో ఎక్కువమంది పెట్టెలు బాగానే ఉంటాయి. లోపం అడాప్టర్‌లోనో, టీవీ ట్యూనింగ్‌లోనో, ఆట ఉండే ప్లాస్టిక్ డబ్బా, అంటే కార్ట్రిడ్జ్ అంచున పేరుకున్న మురికిలోనో ఉంటుంది. కాబట్టి కింద చెప్పిన వరుసను తప్పించకుండా వెళ్ళండి. ముఖ్యంగా మొదటి రెండు మెట్లు పూర్తయ్యే వరకు, రెండో మెట్టులో కొత్త అడాప్టర్‌ను కొలవడానికి తప్ప, దేన్నీ గోడ ప్లగ్గులో పెట్టకండి.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోవాలి. ఈ యంత్రం 1977 సెప్టెంబరులో 199 డాలర్ల ధరతో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అప్పుడు దాని పేరు వీడియో కంప్యూటర్ సిస్టమ్. 2600 అన్న పేరు 1982లో స్థిరపడింది. ముందు భాగంలో ఆరు మీటలు ఉంటే అది తొలి సంవత్సరాల యంత్రం. నాలుగే మీటలు ఉండి, మిగిలిన రెండు వెనక్కి వెళ్ళి ఉంటే 1980 నుంచి వచ్చిన రకం. సన్నగా, చిన్నగా ఉంటే 1986 నాటి జూనియర్. మూడింటిలోనూ పని తీరు ఒకటే, కార్ట్రిడ్జ్‌లూ ఒకటే. ఇంతకన్నా ముఖ్యమైన తేడా వేరే ఉంది. వెనుకనో అడుగునో 2, 3 అని రాసిన చానెల్ మీట ఉంటే అది దాదాపుగా అమెరికా యంత్రమే, అంటే ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా టీవీ ప్రసార పద్ధతిలో బొమ్మను పంపుతుంది. మన టీవీలు పుట్టింది పాల్ అనే వేరే పద్ధతికి. ఈ వ్యాసంలో సగం ఆ రెండింటికీ పొత్తు కుదర్చడం గురించే.

కావలసినవి

9 వోల్టుల డీసీ అడాప్టర్ ఒకటి కావాలి. అది కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలగాలి, 100 నుంచి 240 వోల్టుల వరకు తీసుకునేది అయి ఉండాలి, చివర 3.5 మిల్లీమీటర్ల మోనో పిన్ను ఉండాలి. ఒక మల్టీమీటర్ కావాలి. చవక రకమైనా సరిపోతుంది కాని, లేకుండా మాత్రం మొదలుపెట్టకండి. యంత్రం నుంచి వచ్చే ఆర్‌సీఏ వైరును (టీవీ వెనుక రంగు రంధ్రాల్లో పెట్టే రకం పిన్ను ఉన్నది) టీవీ యాంటెనా రంధ్రంలో పెట్టడానికి ఒక చిన్న కన్వర్టర్ పిన్ను, 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, స్టార్ స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి. హైదరాబాదులోనైతే కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలోనైతే రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరులోనైతే ఎస్పీ రోడ్డులో ఇలాంటివి అడిగి తెచ్చుకోవచ్చు. 3.5 పిన్ను ఉన్న అడాప్టర్ దొరక్కపోతే మామూలు 9 వోల్టుల అడాప్టర్ కొని, పిన్ను మార్చి సోల్డర్ చేయించుకోవచ్చు.

1. పాత అడాప్టర్‌ను పక్కన పెట్టండి

పెట్టెతో పాటు వచ్చిన నల్లని బరువైన అడాప్టర్ 120 వోల్టులకు చేసినది. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మీ అదృష్టం బాగుంటే అదొక్కటే పోతుంది, లేకపోతే యంత్రాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న కన్వర్టర్ వోల్టేజీని తగ్గించదు. ఈ ఒక్క పొరపాటు వల్ల పోయినన్ని యంత్రాలు ఇంక దేనివల్లా పోయి ఉండవు. 230ని 110 చేసే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లో ఉంటే పాత అడాప్టర్ దాని మీద నడుస్తుంది. అయితే 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ కరెంటు మీద మరికొంత వేడెక్కుతుంది. నలభై ఏళ్ళు దాటిన వస్తువును అలా వేడెక్కించడం నాకు నచ్చదు. కొత్తది కొనండి.

2. కొత్త అడాప్టర్‌ను కలిపే ముందే కొలవండి

ఈ యంత్రపు పిన్ను పాత ట్రాన్సిస్టర్ రేడియోల ఇయర్‌ఫోన్ పిన్నులా ఉంటుంది. దాని మొన ప్లస్, మొన వెనుక ఉన్న పొడవాటి గొట్టం మైనస్. అడాప్టర్‌ను యంత్రానికి కలపకుండా గోడ ప్లగ్గులో పెట్టి, మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద ఉంచి, ఎర్ర వైరును మొనకూ నల్ల వైరును గొట్టానికీ ఆనించి చూడండి. ఆనించేటప్పుడు రెండు లోహపు మొనలూ ఒకదానికొకటి తగలనీయకండి.

9 చుట్టుపక్కల అంకె వస్తే సరి. అంకె ముందు మైనస్ గుర్తు కనిపిస్తే తీగలు తారుమారై ఉన్నాయి. అలాగే పెడితే వోల్టేజీని 5కు దించి నిలిపే రెగ్యులేటరో, దాని వెనుక ఉన్న చిప్పులో పోతాయి. గిటార్ పెడల్ అడాప్టర్లు కూడా 9 వోల్టులవే కాని, వాటిలో ఎక్కువ భాగం మధ్య మైనస్ ఉన్నవి కాబట్టి, పిన్ను మార్చి వాడదామనుకునేవారు ఇక్కడే జాగ్రత్తపడాలి. అసలు ఆటారి అడాప్టర్‌ను స్టెప్‌డౌన్ మీద పెట్టి కొలిచినవారికి 12 నుంచి 14 వోల్టుల దాకా కనిపించి కంగారు పుట్టవచ్చు. అది రెగ్యులేషన్ లేని పాతకాలపు రకం కనుక ఖాళీగా ఉన్నప్పుడు అలాగే చూపిస్తుంది, యంత్రం కరెంటు లాగడం మొదలుపెట్టగానే దిగుతుంది. చెడిపోయిందని అనుకోనక్కరలేదు.

ఇంకొక అలవాటు చేసుకోండి. ఈ రకం పిన్నును లోపలికి తోసేటప్పుడు మొనా గొట్టమూ క్షణంపాటు షార్ట్ కావచ్చు. అందువల్ల ముందు పిన్నును యంత్రంలో పెట్టి, ఆ తరువాత గోడ స్విచ్ వేయండి. తీసేటప్పుడు వరుస తిరగబడాలి.

3. కార్ట్రిడ్జ్‌నూ గాడినీ తుడవండి

నోటితో ఊదకండి. ఊపిరిలోని తడి రాగి అంచు మీద చేరి, ఈ రోజు పని చేసినట్టు అనిపించినా రేపటికి చిలుము పట్టిస్తుంది. దూది పుల్లను ఆల్కహాల్‌లో ముంచి, తడి ఓడకుండా పిండి, కార్ట్రిడ్జ్ లోపలి బోర్డు అంచున ఉన్న పలకలను రెండు వైపులా తుడవండి. పలకలు మొత్తం 24, ఒక్కొక్క వైపు 12. పుల్ల నల్లబడడం ఆగే వరకు కొత్త పుల్లలు మారుస్తూ పోవాలి.

ఆటారి సొంత కార్ట్రిడ్జ్‌లలో ఎక్కువగా దుమ్ము లోపలికి పోకుండా స్ప్రింగ్ మూత ఉంటుంది. యంత్రంలో పెట్టినప్పుడు అది దానంతట అది వెనక్కి జరుగుతుంది కాని, చేతిలో ఉన్నప్పుడు దారి ఇవ్వదు. మూతకు రెండు పక్కలా ఉన్న చిన్న కొక్కేలను సన్నని పుల్లలతో ఒకేసారి నొక్కితే అది కిందికి జరిగి పలకలు కనిపిస్తాయి. బలవంతం చేయకండి, ఈ ప్లాస్టిక్ వయసుతో పెళుసుబారి ఉంటుంది. ఇసుక కాగితం, ఇంకు చెరిపే గరుకు రబ్బరు అసలు వాడకండి. పలకల మీది పలుచని పూత లేచిపోతే మరమ్మతు లేదు. యంత్రంలోని గాడిని శుభ్రం చేయడానికి వేరే సాధనం అక్కరలేదు. తుడిచి ఆరబెట్టిన కార్ట్రిడ్జ్‌ను, కరెంటు లేకుండా, నాలుగైదు సార్లు నిదానంగా పెట్టి తీయండి, మళ్ళీ తుడవండి. గాడి మురికి కార్ట్రిడ్జ్ మీదికి వచ్చేస్తుంది.

4. టీవీకి కలపండి

యంత్రం నుంచి వచ్చేది ఏవీ సిగ్నల్ (డీవీడీ ప్లేయర్ లాంటివి నేరుగా ఇచ్చే బొమ్మ) కాదు, యాంటెనా సిగ్నల్. పిన్ను ఆర్‌సీఏ ఆకారంలో ఉండడం చూసి చాలామంది దాన్ని టీవీ వెనుక పసుపుపచ్చ రంధ్రంలో పెట్టి, బొమ్మ రావడం లేదని రాస్తుంటారు. అక్కడ ఎప్పటికీ రాదు. కన్వర్టర్ పిన్ను తగిలించి యాంటెనా రంధ్రంలోనే పెట్టాలి. అమెరికా నుంచి పెట్టెతో పాటు వచ్చిన, టీవీ అనీ గేమ్ అనీ రాసి జారుడు మీట ఉన్న చిన్న డబ్బాను వాడకండి. రెండు స్క్రూలకు బిగించే పాతకాలపు రిబ్బన్ తీగ కోసం చేసినది అది, మన టీవీలకు దానితో పని లేదు.

టీవీలో అనలాగ్ ట్యూనర్, అంటే పాత తరహా యాంటెనా ప్రసారాలను పట్టే భాగం ఉండాలి. డబ్బా టీవీ, అంటే పాత పిక్చర్ ట్యూబ్ టీవీ దొరికితే అంతకన్నా మంచిది లేదు. 1990ల చివరి నుంచి మన దగ్గర అమ్మిన మల్టీసిస్టమ్ టీవీల్లో చాలావాటికి ఎన్‌టీఎస్‌సీ కూడా తెలుసు.

5. ట్యూన్ చేయండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అమెరికా చానెల్ 3 బొమ్మ 61.25 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. మన టీవీల పాల్-బి పద్ధతిలో దానికి దగ్గరగా ఉన్న చానెల్ 4 బొమ్మ వచ్చేది 62.25 మీద. ఈ ఒక్క మెగాహెర్ట్జ్ తేడాను కొన్ని టీవీలు సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. అమెరికా చానెల్ 2 మాత్రం 55.25 మెగాహెర్ట్జ్ మీద ఉంది. అది మన పద్ధతిలోని చానెల్ 3తో సరిగ్గా కలుస్తుంది. కాబట్టి యంత్రం మీది చానెల్ మీటను 2 మీద పెట్టి, టీవీని మాన్యువల్ ట్యూనింగ్‌లో వీహెచ్ఎఫ్ చానెల్ 3 దగ్గరికి, లేదా 55.25 దగ్గరికి తీసుకువెళ్ళండి.

ఆటో ట్యూనింగ్ వాడదలచుకుంటే ముందే కార్ట్రిడ్జ్ పెట్టి, యంత్రాన్ని ఆన్ చేసి ఉంచాలి. ఖాళీ యాంటెనాతో వెతికిన టీవీ ఆ చానెల్‌ను దాటేసి పోతుంది.

బొమ్మ వచ్చి రంగు రాకపోతే టీవీ మెనూలో కలర్ సిస్టమ్‌ను ఎన్‌టీఎస్‌సీకి మార్చండి. బొమ్మ వచ్చి శబ్దం బదులు బుసబుస మాత్రమే వినిపిస్తే సౌండ్ సిస్టమ్‌ను బీజీ నుంచి ఎమ్‌కు మార్చండి. అమెరికా పద్ధతిలో శబ్దం బొమ్మకు 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది, మన టీవీ 5.5 దూరంలో వెతుకుతుంది. మెనూలో ఎమ్ లేకపోతే ఆ టీవీలో ఈ మార్గాన శబ్దం రాదు; దాని మీద సమయం వృథా చేయకండి. బొమ్మ పైకో కిందికో దొర్లిపోతుంటే, పాత టీవీ అయితే వెనుక ఉన్న వర్టికల్ హోల్డ్ గుండీని కొద్దిగా తిప్పండి. ఎన్‌టీఎస్‌సీ సెకనుకు 60 సార్లు తెరను నింపుతుంది, పాల్ 50 సార్లు. దొర్లడానికి కారణం అదే.

6. ఆన్ చేసి పరీక్షించండి

మొదట కార్ట్రిడ్జ్ లేకుండా చూడండి. టీవీ చుక్కల తెర చూపిస్తుండగా యంత్రం మీట వేయండి. చుక్కలు పోయి నల్లని తెరో, ఏదో ఒక రంగో, నిలువు చారలో వస్తే చాలు. అక్కడికి కరెంటు, బొమ్మ తయారుచేసే టీఐఏ చిప్పు, సిగ్నల్ పంపే మాడ్యులేటర్ మూడూ ప్రాణంతో ఉన్నట్టే. చుక్కల్లో ఏ మార్పూ లేకపోతే మళ్ళీ 2, 4, 5 మెట్లు చూడండి.

తరువాత ఆపి, కార్ట్రిడ్జ్ పెట్టి, మళ్ళీ వేయండి. యంత్రం ఆన్‌లో ఉండగా కార్ట్రిడ్జ్ మార్చకండి. యంత్రంతో పాటు తొలినాళ్ళలో ఉచితంగా ఇచ్చిన కాంబాట్ ఆట మీ దగ్గర ఉంటే దానితోనే మొదలుపెట్టండి. దానికి ఏ ప్రత్యేక పరికరమూ అక్కరలేదు, తెర మీద ఏం రావాలో సులువుగా గుర్తుపట్టవచ్చు: పైన రెండు అంకెలు, కింద గోడల మధ్య రెండు ట్యాంకులు.

ట్యాంకులు కనిపించి, రంగులు వాటంతట అవి మారుతూ, జాయ్‌స్టిక్ తిప్పినా కదలకపోతే జాయ్‌స్టిక్ విప్పే ముందు గేమ్ రీసెట్ మీటను ఒకసారి నొక్కండి. ఆట మొదలయ్యేది ఆ మీటతోనే. ఎవరూ ఆడని వేళ ఒకే బొమ్మ నిలిచిపోయి పిక్చర్ ట్యూబ్ మీద మచ్చ పడకుండా రంగులు మార్చేలా అప్పట్లో చాలా ఆటలను రాశారు. ఈ సంగతి తెలియక మంచి జాయ్‌స్టిక్‌లను విప్పి పాడుచేసుకున్నవారు తక్కువేమీ కాదు.

7. జాయ్‌స్టిక్‌ను కొలిచి చూడండి

రీసెట్ నొక్కినా ఏదో ఒక దిక్కు పని చేయకపోతే మల్టీమీటర్‌ను కంటిన్యూటీ మీద, అంటే బీప్ వచ్చే చోట పెట్టండి. జాయ్‌స్టిక్ వైరు చివర ఉన్న తొమ్మిది రంధ్రాల ముక్కను, ఐదు రంధ్రాల వరుస పైకి వచ్చేలా, మీ వైపు తిప్పి పట్టుకోండి. పై వరుసలో కుడి చివరిది 1, అక్కడి నుంచి ఎడమకు 2, 3, 4, 5. కింది వరుసలో కుడి చివరిది 6, ఎడమకు 7, 8, 9. రంధ్రాలు ఇరుకు కనుక రెండు సన్నని తీగ ముక్కలు గుచ్చి వాటికి మీటరు ఆనించండి. ఒక వైరు 8 దగ్గరే ఉంచాలి. రెండోది 1 దగ్గర పెట్టి పైకి తోస్తే, 2 దగ్గర పెట్టి కిందికి లాగితే, 3 దగ్గర ఎడమకు, 4 దగ్గర కుడికి, 6 దగ్గర ఎర్ర బటన్ నొక్కితే బీప్ రావాలి, వదలగానే ఆగాలి.

వదిలినా ఆగకపోతే లోపలి లోహపు మూత అతుక్కుపోయింది. ఎంత తోసినా రాకపోతే వైరు తెగి ఉండవచ్చు, లేదా కర్ర కింద ఉన్న ప్లాస్టిక్ ముక్క విరిగి ఉండవచ్చు. అడుగున నాలుగు స్క్రూలు తీస్తే చిన్న బోర్డు, దాని మీద పారదర్శకమైన పొర, పొర కింద గుండ్రని లోహపు మూతలు కనిపిస్తాయి. పొరను నిదానంగా లేపి మూతల కింద ఆల్కహాల్‌తో తుడిచి మళ్ళీ అంటించండి. ప్రత్యామ్నాయం కావాలంటే సెగా మెగా డ్రైవ్ ప్యాడ్ ఇదే రంధ్రంలో పడుతుంది, దాని బీ బటన్ ఎర్ర బటన్ పని చేస్తుంది.

బ్రేకౌట్, కబూమ్ వంటి ఆటలు జాయ్‌స్టిక్‌కు ఎలాగూ పలకవు, వాటికి తిప్పే గుండీ ఉన్న ప్యాడిల్ కావాలి. ప్యాడిల్ ఉన్నా తెర మీది బొమ్మ వణుకుతుంటే లోపల గుండీతో పాటు తిరిగే పొటెన్షియోమీటర్ అనే భాగంలో మురికి ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, గుండీని ఈ చివర నుంచి ఆ చివరకు పలుమార్లు తిప్పండి.

లోపం కానివి

ఈ యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. తెర మీది బొమ్మ మొత్తాన్ని దాచుకునే చోటు లేదు కనుక ఆట ప్రోగ్రామే ఒక్కొక్క గీతనూ టీవీ గీసే వేళకు అందించాలి. ఆ పరిమితి నుంచి పుట్టినవే ఈ కిందివి. వీటి కోసం పెట్టె విప్పకండి.

ప్యాక్-మ్యాన్‌లో దయ్యాలు మినుకుమినుకుమనడం సహజం. చాలా ఆటల్లో తెర ఎడమ అంచున దువ్వెన పళ్ళలా చిన్న చిన్న నల్ల గీతలు రావడం కూడా సహజమే. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే ముందు టీవీ టైప్ మీట ఎటు ఉందో చూడండి. చాలాసార్లు సర్దేటప్పుడు చేయి తగిలి అది జరిగిపోయి ఉంటుంది. కొన్ని ఆటలు ఆ మీటను అసలు పట్టించుకోవు, ఎందుకంటే దాన్ని చదివేది ఆట ప్రోగ్రామే. ఆట మరీ కష్టంగా ఉందనిపిస్తే డిఫికల్టీ మీట A మీద ఉందేమో చూసి B మీద పెట్టండి. ఐరోపాలో కొన్న పాల్ కార్ట్రిడ్జ్‌ను అమెరికా యంత్రంలో పెడితే రంగులు తారుమారుగా వస్తాయి, బొమ్మ దొర్లవచ్చు. అందులోనూ తప్పు యంత్రానిది కాదు.

8. అయినా రాకపోతే విప్పండి

గోడ ప్లగ్గు తీసి, అడుగున ఉన్న స్క్రూలు విప్పండి. అన్నీ ఒకే పొడవు ఉండకపోవచ్చు, ఏది ఎక్కడిదో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. చిప్పుల జోలికి పోయే ముందు ఎర్తింగ్ ఉన్న లోహాన్ని ఏదైనా తాకండి, ముఖ్యంగా ఏసీ గదిలో పని చేస్తుంటే.

మొదట చూడవలసింది టీవీ వైరు. ఆరు మీటల, నాలుగు మీటల రకాల్లో అది లోపల ఒక ఆర్‌సీఏ రంధ్రంలో గుచ్చి మాత్రమే ఉంటుంది. ఎవరో బయటి నుంచి లాగి ఉంటే సగం ఊడి ఉంటుంది. తీసి, తుడిచి, గట్టిగా పెట్టండి.

తరువాత 7805 రెగ్యులేటర్. ఆరు మీటల రకంలో అది మీటలున్న బోర్డు మీదే ఉంటుంది, నాలుగు మీటల రకంలో ఉన్నది ఒకటే బోర్డు. అక్షరాలు మీ వైపు ఉండేలా చూస్తే ఎడమ కాలు లోపలికి వచ్చే కరెంటు, మధ్యది ఎర్త్, కుడిది బయటికి పోయేది. యంత్రం ఆన్ చేసి, నల్ల వైరును మధ్య కాలికి ఆనించి కొలవండి. ఎడమ కాలి దగ్గర 7 వోల్టులకు పైన, కుడి కాలి దగ్గర 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ఎడమన సరిగ్గా ఉండి కుడిన లేకపోతే రెగ్యులేటర్ మార్చాలి. అది ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా దొరికే చవకైన భాగం. రెండు చోట్లా లేకపోతే పవర్ జాక్ దగ్గర సోల్డర్ పగిలిందేమో భూతద్దంతో చూడండి.

వోల్టేజీ బాగుండీ ఆట రాకపోతే మిగిలింది చిప్పుల సంగతి. 6507 ప్రాసెసర్, జ్ఞాపకశక్తి ఉన్న 6532, టీఐఏ ఈ మూడూ చాలా బోర్డుల్లో సాకెట్లలో కూర్చుని ఉంటాయి. ఒక్కొక్క చిప్పును రెండు చివరలా సమానంగా కొద్దిగా లేపి మళ్ళీ గట్టిగా నొక్కండి. కాళ్ళ మీద పట్టిన చిలుము రాలితే చాలాసార్లు అంతటితో బాగవుతుంది. గుంట ఉన్న చివర ముందు ఎటు ఉందో అటే ఉండాలి.

యాంటెనా రంధ్రమే లేని టీవీ అయితే

రెండు దారులు ఉన్నాయి. ఒకటి, యంత్రం లోపల చిన్న బోర్డు అమర్చి ఏవీ సిగ్నల్ బయటికి తీయడం. బొమ్మ చక్కగా వస్తుంది కాని సోల్డరింగ్ తెలిసిన చేయి ఉండాలి, పాత యంత్రానికి రంధ్రం చేయాలి. యంత్రం పని చేస్తోందని యాంటెనా మార్గంలో రూఢి చేసుకోకుండా ఈ పనికి దిగవద్దు. లేకపోతే పాత లోపమేదో, మీరు కొత్తగా తెచ్చిపెట్టినదేదో తేలదు. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చవక డబ్బాలు వాడితే మినుకుమినుకుమనే బొమ్మలు కొన్ని ఆటల్లో పూర్తిగా మాయమవుతాయని కూడా గుర్తుంచుకోండి. రెండో దారి, 2023లో వచ్చిన ఆటారి 2600 ప్లస్. అది పాత కార్ట్రిడ్జ్‌లను చదివి ఎమ్యులేషన్ మీద, అంటే పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ మీద ఆడిస్తుంది, నేరుగా హెచ్‌డీఎంఐ ఇస్తుంది. మీకు కావలసింది ఆటలే అయితే అది చాలు.

అన్నీ కుదిరాక ఒక్క ఆటను అరగంట ఆపకుండా నడపండి. మధ్యలో బొమ్మ వణికినా, నిలిచిపోయినా, అడాప్టర్ చేయి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే ఆపి 2, 8 మెట్లలో చెప్పిన వోల్టేజీలను వేడిగా ఉన్నప్పుడే మళ్ళీ కొలవండి. చల్లగా ఉన్నప్పుడు కనిపించని లోపం అప్పుడే పట్టుబడుతుంది. ఆట ముగించాక యంత్రం మీద ఉన్న మీట ఆపితే సరిపోదు, అడాప్టర్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి గోడ స్విచ్ కూడా ఆపండి.